సొంతంగా మోటార్ కట్టేవారికి: ఏ రోటర్, ఏ మాగ్నెట్, ఏ వైండింగ్?

మోటార్ డిజైన్ మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఒకే చోట ఆగిపోతారు. ఎంత టార్క్ కావాలో, ఎంత వేగంతో తిరగాలో లెక్క తేలిపోతుంది. ఆ తర్వాత విడిభాగాల జాబితా రాయబోతే ప్రతి వరుసలోనూ రెండు మూడు పేర్లు కనిపిస్తాయి. నియోడిమియమా, ఫెర్రైటా? 0.5 మిల్లీమీటర్ల స్టాంపింగా (పేర్చి వాడే పలచని ఇనుప రేకు), 0.2దా? రోటర్ లోపలా, బయటా? ఒక్కోదాని గురించి చదివే కొద్దీ టెన్షన్ పెరుగుతుందే తప్ప నిర్ణయం తేలదు.

నేను రోటర్లు (తిరిగే భాగాలు), స్టేటర్లు (కదలకుండా ఉండే భాగాలు) చేత్తో కూర్చే పనిలో ఉన్నాను. ఇన్నాళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: ఏ భాగం తీసుకుంటున్నారో తేల్చుకునేటప్పుడే దాన్ని ఎలా బిగిస్తారో కూడా తేల్చుకోవాలి. కేటలాగ్‌లో ఎంత గొప్పగా ఉన్నా, మీ దగ్గరున్న పనిముట్లతో సరిగ్గా కూర్చలేని భాగం మీకు పనికిరాదు. అందుకే కింద ప్రతి ఎంపికనూ పనితీరుతో పాటు కూర్పు వైపు నుంచి కూడా చూస్తాను.

## ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

అన్నిటికంటే ముందు వేడి. రాగి వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి సుమారు 0.39% పెరుగుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచిన వైండింగ్ 120 డిగ్రీలకు చేరితే, అదే కరెంటుకు 39% ఎక్కువ వేడి పుట్టిస్తుంది. ఆ వేడి మళ్లీ నిరోధాన్ని పెంచుతుంది. ఇన్సులేషన్‌లో బీ తరగతి 130, ఎఫ్ 155, హెచ్ 180 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. ఆ హద్దు దాటి ప్రతి 10 డిగ్రీలకు ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుందని ఈ పనిలో ఉన్నవాళ్లు పెట్టుకున్న మోటు లెక్క. కాబట్టి ప్రతి భాగం దగ్గరా మొదట అడగాల్సింది, వేడి ఏ దారిన బయటికి పోతుందని.

రెండోది ఫ్రీక్వెన్సీ. నిమిషానికి తిరిగే చుట్లను పోల్స్ (మోటార్‌లోని అయస్కాంత ధ్రువాలు) సంఖ్యతో గుణించి 120తో భాగిస్తే ఇనుములో అయస్కాంత దిశ సెకనుకు ఎన్నిసార్లు అటు మారి తిరిగి మొదటికి వస్తుందో తేలుతుంది. 4 పోల్స్, 1500 చుట్లు అయితే 50 హెర్ట్జ్. 14 పోల్స్, 3000 చుట్లు అయితే 350 హెర్ట్జ్. ఈ ఒక్క అంకె స్టాంపింగ్ మందాన్ని, తీగ మందాన్ని, కొంతవరకు మాగ్నెట్ రకాన్ని కూడా నిర్ణయిస్తుంది. దీన్ని కాగితం పైన పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి.

మూడోది మోటార్ నడిచే తీరు. పంపులా గంటల తరబడి ఒకే భారం మోస్తుందా, లేక రోబో చేయిలా క్షణం గట్టిగా లాగి ఆగుతుందా? నాలుగోది మీ దగ్గరున్న సాధనాలు: లేత్ ఉందా, ఓవెన్ ఉందా, ప్రెస్ ఉందా, బ్యాలెన్సింగ్ చేయించుకునే వీలుందా? చివరిది, రేపు ఎవరైనా దీన్ని విప్పి మళ్లీ చుట్టాల్సి వస్తుందా? వస్తుందంటే, జిగురుతో, వెల్డింగ్‌తో శాశ్వతంగా మూసేసే ప్రతి ఎంపికా కొంచెం వెనక్కి పోతుంది.

## రోటర్: పంజరమా, మాగ్నెట్లా?

ఇండక్షన్ మోటార్‌లోని పంజరపు రోటర్‌ను (చుట్టూ కడ్డీలు, రెండు చివరలా వాటిని కలిపే రింగులు ఉండేది) 1889లో మిఖాయిల్ డోలివో-డొబ్రోవోల్‌స్కీ రూపొందించారు. నేటికీ అంత మొండి రోటర్లు అరుదు. అందులో మాగ్నెట్లు లేవు కాబట్టి వేడికి శక్తి కోల్పోయేది ఏమీ ఉండదు. లైన్‌కు నేరుగా కలిపితే దానంతట అదే తిరుగుతుంది. కానీ రోటర్ కడ్డీల్లో కరెంటు పారాలి కాబట్టి అక్కడ వేడి పుడుతుంది, గాలి మధ్య తిరిగే రోటర్ నుంచి ఆ వేడిని తీయడం కష్టం. పైగా చిన్న మోటార్లలో గాలి సందు (రోటర్‌కూ స్టేటర్‌కూ మధ్య ఖాళీ) 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. బేరింగ్ ఇల్లు కాస్త పక్కకు జరిగినా రోటర్ స్టేటర్‌ను రాసుకుంటుంది.

అల్యూమినియం పంజరాన్ని డైకాస్టింగ్‌లో పోస్తారు, అది ఇంట్లో అయ్యే పని కాదు. రాగి కడ్డీలు దూర్చి చివర రింగులకు బ్రేజింగ్ చేయడం వీలవుతుంది. అల్యూమినియం వాహకత్వం రాగిలో 61% మాత్రమే కాబట్టి రాగి పంజరంలో నష్టం తక్కువ. అయితే ఒక్క కడ్డీ అతుకు సరిగ్గా పడకపోయినా టార్క్ అదురుతుంది. ఒకటి రెండు మోటార్లు చేసేవాళ్లు తయారైన పంజరపు రోటర్ దొరికితే దాన్నే వాడుకుని, దాని చుట్టూ స్టేటర్ డిజైన్ చేసుకోవడం మంచిది.

తక్కువ బరువులో ఎక్కువ టార్క్ కావాలంటే, కంట్రోలర్‌తోనే నడపబోతుంటే మాగ్నెట్ రోటర్ వైపు వెళ్లండి. అక్కడినుంచి అసలు చిక్కుముళ్లు మొదలవుతాయి.

## మాగ్నెట్ రకం

| గుణం | ఫెర్రైట్ | నియోడిమియం | సమారియం కోబాల్ట్ |
|---|---|---|---|
| నిలిచి ఉండే అయస్కాంతత్వం | సుమారు 0.4 టెస్లా | 1.2 – 1.4 టెస్లా | 1.0 – 1.1 టెస్లా |
| డిగ్రీకి తగ్గుదల | 0.2% | 0.11 – 0.12% | 0.04% దగ్గర |
| వేడి హద్దు | 250 డిగ్రీల దగ్గర | గ్రేడ్‌ను బట్టి 80 – 200 | 300, ఆపైన |
| తుప్పు | పట్టదు | పూత లేకపోతే త్వరగా పడుతుంది | దాదాపు పట్టదు |
| చేతిలో | గట్టి, అంచులు రాలుతాయి | బలమైన లాగుడు, వేళ్లు జాగ్రత్త | చాలా పెళుసు |

నియోడిమియం మాగ్నెట్‌ను 1980ల తొలి ఏళ్లలో జపాన్‌లో మసాతో సగవా, అమెరికాలో జాన్ క్రోట్ బృందాలు వేర్వేరుగా కనుక్కున్నాయి. చిన్న మోటార్లకు అది తెచ్చిన మార్పు నిజంగా పెద్దది. కానీ కొనేటప్పుడు చాలామంది మాగ్నెట్ బలాన్ని చెప్పే 42, 45, 52 అనే అంకె ఒక్కటే చూస్తారు. ఆ అంకె పక్కనుండే అక్షరం అంతకంటే ముఖ్యం. అక్షరం లేకపోతే హద్దు 80 డిగ్రీలు, ఎం అయితే 100, హెచ్ 120, ఎస్‌హెచ్ 150, యూహెచ్ 180. ఎఫ్ తరగతి ఇన్సులేషన్ పెట్టి, అక్షరం లేని మాగ్నెట్ అతికిస్తే రాగికి ఏమీ కాకముందే రోటర్ బలహీనపడిపోతుంది. ఒకసారి అలా పోయిన అయస్కాంతత్వం చల్లారాక తిరిగి రాదు. అందుకే 52 అక్షరం లేనిదాని కంటే 42 ఎస్‌హెచ్ తీసుకోమని నేను గట్టిగా చెబుతాను.

ఫెర్రైట్‌ను తక్కువగా చూడకండి. పరిమాణం, బరువు అడ్డుకాని చోట, ఎక్కువసేపు నడిచే ఫ్యాన్లకు, పంపులకు అది నమ్మకమైనది. ఒక విచిత్రం గుర్తుంచుకోవాలి: నియోడిమియం వేడికి భయపడితే ఫెర్రైట్ చలికి భయపడుతుంది. చల్లబడిన కొద్దీ ఎదురు క్షేత్రాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. గడ్డకట్టే చలిలో మోటార్‌ను ఒక్కసారిగా పెద్ద కరెంటుతో స్టార్ట్ చేస్తే ఫెర్రైట్ దెబ్బతినవచ్చు. సమారియం కోబాల్ట్‌ను 180 డిగ్రీలు దాటే చోట్లకే దాచుకోండి.

## రోటర్ లోపలా, బయటా?

ఈ ఎంపిక దగ్గర కాసేపు ఆగాలి. వేడి, మాగ్నెట్ బిగింపు, చుట్టే సౌకర్యం మూడూ ఇక్కడే ముడిపడి ఉంటాయి.

రోటర్ బయట, గిన్నెలా తిరిగే మోటార్‌లో మాగ్నెట్లు రింగు లోపలి గోడకు అంటుకుని ఉంటాయి. తిరిగేటప్పుడు పుట్టే బలం వాటిని గోడకే నొక్కుతుంది, కాబట్టి జిగురు మీద భారం తక్కువ. స్టేటర్ స్లాట్లు (తీగ పట్టే గాళ్లు) బయటికి తెరుచుకుని ఉంటాయి, చేత్తో చుట్టడం తేలిక. మొదటి మోటార్ కట్టేవాళ్లకు ఇంత అనువైనది మరొకటి లేదు. దీని బలహీనత వేడి. స్టేటర్ లోపల చిక్కుకుపోయి, మధ్యలో ఉన్న ఇరుసు గొట్టం ద్వారానే వేడి బయటికి రావాలి. డ్రోన్ మోటార్లకు ఫ్యాన్ గాలి నేరుగా తగులుతుంది కాబట్టి నడిచిపోతుంది. మూసి ఉన్న చక్రం హబ్‌లో, పొడవాటి ఎత్తు ఎక్కేటప్పుడు, అదే డిజైన్ ఉడికిపోతుంది.

రోటర్ లోపల ఉన్న మోటార్‌లో స్టేటర్ వీపు మొత్తం హౌసింగ్‌కు ఆనుకుని ఉంటుంది. హౌసింగ్‌కు రెక్కలు పెట్టినా, నీళ్లు తిప్పినా వేడి సులువుగా పోతుంది. కానీ ఇప్పుడు మాగ్నెట్లు బయటికి ఎగిరిపోవాలని చూస్తాయి. 30 మిల్లీమీటర్ల వ్యాసార్థం మీద 20 గ్రాముల మాగ్నెట్, నిమిషానికి 6000 చుట్ల దగ్గర సుమారు 24 కిలోల బలంతో బయటికి లాగుతుంది. వేగం రెట్టింపైతే అది నాలుగింతలు, అంటే దాదాపు 97 కిలోలు. అక్కడ జిగురు ఒక్కదాన్నే నమ్మకూడదు. గ్లాస్ టేప్ చుట్టి రెజిన్ పట్టించడమో, కార్బన్ ఫైబర్ తొడుగు వేయడమో తప్పనిసరి. తొడుగు మందం గాలి సందును తినేస్తుంది, దాన్ని డిజైన్ రోజే లెక్కలో వేసుకోవాలి.

మాగ్నెట్లను రోటర్ స్టాంపింగుల లోపలి గాళ్లలో దూర్చే పద్ధతి మూడోది. అక్కడ ఇనుమే వాటిని పట్టుకుంటుంది, ఇనుము ఆకారం వల్ల అదనపు టార్క్ కూడా వస్తుంది. టెస్లా కంపెనీ తొలి కార్లలో రాగి పంజరపు రోటర్ వాడి, 2017లో వచ్చిన మోడల్ 3లో ఈ రకానికి మారింది. అయితే మాగ్నెట్‌కూ అంచుకూ మధ్య మిగిలే సన్నని ఇనుప వంతెనల మందం దగ్గర పేచీ ఉంది. సన్నగా ఉంటే తెగుతాయి, మందంగా ఉంటే అయస్కాంత ప్రవాహం అందులోంచే అడ్డదారిన పోతుంది. ఆ లెక్కకు సిమ్యులేషన్ కావాలి, కోతకు ఖచ్చితత్వం కావాలి. జట్టుగా పనిచేసేవాళ్లకు ఇది సరే. ఒంటరిగా చేసే మొదటి ప్రయత్నానికి వద్దు.

జిగురు గురించి ఒక మాట. నేను కూర్చిన ఒక రోటర్‌లో రెండు మాగ్నెట్లు పరీక్షలోనే జరిగి స్టేటర్ పళ్లను (స్లాట్ల మధ్య ఇనుప భాగాలను) గీశాయి. జిగురు మంచిదే. అతికించే ముందు నూనె అంటిన గుడ్డతో తుడిచిన తప్పు నాది. మాగ్నెట్ మీది నికెల్ పూత నున్నగా ఉంటుంది, చేతి జిడ్డు తగిలినా పట్టు పోతుంది. రోటర్ వైపు ఇనుమును గరుకు చేయండి, రెండు వైపులా ద్రావకంతో కడగండి, ఆ తర్వాత వేలితో ముట్టుకోకండి. నికెల్ పూతను మాత్రం గీకవద్దు, తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది.

## స్టాంపింగులు

ఇనుములో తిరిగే ఎడ్డీ కరెంట్ల నష్టం రేకు మందం వర్గానికీ, ఫ్రీక్వెన్సీ వర్గానికీ అనుపాతంలో పెరుగుతుంది. 0.5 నుంచి 0.35 మిల్లీమీటర్లకు వస్తే ఆ నష్టం సగమవుతుంది. 0.2కు వస్తే ఆరో వంతుకు పడిపోతుంది. అటువైపు, 50 హెర్ట్జ్ నుంచి 350కి వెళ్తే అదే క్షేత్ర బలానికి 49 రెట్లవుతుంది. అందుకే 50 హెర్ట్జ్ మోటార్‌కు 0.5 రేకు చాలు. అక్కడ 0.2 పెట్టడం వృథా, రేకుల మధ్య పూత వల్ల ఇనుము కూడా తగ్గుతుంది. 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య 0.35 మంచి రాజీ. ఆపైన 0.2 వైపు చూడండి. తిరిగే యంత్రానికి గ్రెయిన్ దిశ లేని సిలికాన్ స్టీల్ కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ రేకు ఒక్క దిశలోనే బాగుంటుంది, దాన్ని మోటార్‌కు వాడకండి.

కొన్నే కావాలంటే లేజర్ కోత, వందల్లో కావాలంటే పంచింగ్ డై. రెండింటిలోనూ అంచు దగ్గర ఇనుము గుణం చెడుతుంది, పళ్లు సన్నగా ఉన్న చిన్న స్టేటర్లలో అది తెలుస్తుంది. రేకులను కలపడానికి వెల్డింగ్ గట్టిది, కానీ రేకులను అంచున విద్యుత్తుపరంగా కలిపేస్తుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో జిగురుతో అతికిన బొత్తే మేలు, శబ్దం కూడా తగ్గుతుంది.

## స్లాట్లు, పోల్స్, వైండింగ్

వైండింగ్ ఫ్యాక్టర్ అంటే చుట్టిన తీగ ఎంత బాగా టార్క్‌కు పనికొస్తుందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మేలు. కాగింగ్ అంటే కరెంటు లేకుండా తిప్పినా మాగ్నెట్లు పళ్లకు అతుక్కుంటూ ఇచ్చే అదురు. ఒక చుట్టుకు అవి ఎన్ని ఎక్కువైతే ఒక్కోటి అంత చిన్నదిగా ఉంటుంది.

| అమరిక | వైండింగ్ ఫ్యాక్టర్ | ఒక చుట్టుకు కాగింగ్ అదురులు | గమనిక |
|---|---|---|---|
| 9 స్లాట్లు, 6 పోల్స్ | 0.866 | 18 | సులువు, కాగింగ్ చేతికి తెలుస్తుంది |
| 9 స్లాట్లు, 8 పోల్స్ | 0.945 | 72 | రోటర్‌ను ఒక పక్కకు లాగుతుంది |
| 12 స్లాట్లు, 10 పోల్స్ | 0.933 | 60 | సమతూకం బాగుంటుంది |
| 12 స్లాట్లు, 14 పోల్స్ | 0.933 | 84 | నెమ్మది వేగానికి, ఎక్కువ టార్క్‌కు |
| 24 స్లాట్లు, 4 పోల్స్, పరుచుకున్న వైండింగ్ | 0.966 | 24 | కాయిల్ చివరలు పొడవు |

9 స్లాట్లు, 8 పోల్స్ అమరికను అంకెలు చూసి ఎంచుకోకండి. ఫ్యాక్టర్ అన్నిటిలోకి దగ్గర దగ్గర ఎక్కువే, కాగింగ్ తక్కువే. కానీ లాగుడు బలాలు ఎదురెదురుగా రద్దు కావు. రోటర్ చుట్టూ తిరిగే పక్క లాగుడు బేరింగులను అరగదీస్తుంది, శబ్దం చేస్తుంది. 12 స్లాట్లు తీసుకోండి, 10 లేదా 14 పోల్స్ వేగాన్ని బట్టి.

ఒక్కో పంటికి ఒక్కో కాయిల్ చుట్టే పద్ధతిలో చివరలు పొట్టి, రాగి ఆదా, తప్పు పడితే ఆ ఒక్క కాయిలే విప్పొచ్చు. దీనికి చెల్లించేది ఏమిటంటే, క్షేత్రంలో అదనపు అలలు పుట్టి మాగ్నెట్లలో, రోటర్ ఇనుములో వేడి పెంచుతాయి. వేగం ఎక్కువైన కొద్దీ ఇది బాధిస్తుంది. అనేక స్లాట్లలో పరుచుకున్న వైండింగ్ మెత్తగా తిరుగుతుంది, ఇండక్షన్ రోటర్‌కు అదే కావాలి. చుట్టడానికి ఓపిక, అలవాటు కావాలి.

చేత్తో గుండ్రటి తీగ చుట్టితే స్లాట్ వైశాల్యంలో రాగి 40% దగ్గర ఆగుతుంది. కార్ల మోటార్లలో వాడే దీర్ఘచతురస్రపు హెయిర్‌పిన్ కడ్డీలతో (జడపిన్నులా వంచిన మందపు రాగి) 60% దాటుతుంది. కానీ వాటిని వంచి, మెలితిప్పి, ఒక్కో చివరా వెల్డ్ చేయడానికి యంత్రాలు ఉండాలి. పైగా మందపు రాగిలో ఎక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటు సమానంగా పంచుకోదు. 1000 హెర్ట్జ్ దగ్గర రాగిలో కరెంటు చొచ్చుకుపోయే లోతు 2 మిల్లీమీటర్లే. చేత్తో చేసేవాళ్లు ఒక మందపు తీగకు బదులు నాలుగైదు సన్న తీగలు కలిపి చుట్టడం మంచిది. వంగుతుంది కూడా.

చుట్టాక వార్నిష్ మానేయాలనిపిస్తుంది. మానకండి. తీగల మధ్య గాలి వేడిని దాదాపు ఆపేస్తుంది, వార్నిష్ దానికంటే 7, 8 రెట్లు బాగా తీసుకెళ్తుంది. తీగలు అదిరి ఎనామెల్ రాలకుండా కూడా అదే కాపాడుతుంది. రేపు విప్పాల్సిన మోటార్ అయితే మందపు ఎపాక్సీ పోత వద్దు, ముంచి కాల్చే మామూలు వార్నిష్ చాలు.

మూడు ఫేజ్‌ల చివరలను ఒకే బిందువు దగ్గర కలిపే స్టార్, వలయంగా కలిపే డెల్టాల్లో అనుమానం ఉంటే మాగ్నెట్ మోటార్‌కు స్టార్. డెల్టాలో మూడో హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి మూడింతల) కరెంటు మూసిన వలయంలో ఊరికే తిరిగి వేడి పుట్టిస్తుంది.

## గుండ్రటి ఆకారమా, పళ్లెం ఆకారమా?

పళ్లెంలా పలచగా ఉండే యాక్సియల్ మోటార్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పొట్టి స్థలంలో మంచి టార్క్ ఇస్తుంది. కూర్పు దగ్గర మాత్రం క్రూరమైనది. 0.8 టెస్లా క్షేత్రం దాటే ప్రతి చదరపు సెంటీమీటరుకు లాగుడు 2.6 కిలోలు. 100 చదరపు సెంటీమీటర్లంటే 260 కిలోలు, అదీ ఇనుము ఉన్న స్టేటర్ వైపు ఒకే దిశలో. చేత్తో దించబోతే వేళ్లు నలిగిపోతాయి. రోటర్‌కు మూడు పొడవాటి మర కడ్డీలు పెట్టి, వంతులవారీగా అర చుట్టు చొప్పున దించాలి. ఇనుము లేని స్టేటర్‌తో ఆ లాగుడు స్టేటర్ మీద పడదు. కానీ రెండు వైపులా రోటర్లు ఉంటే అవి ఒకదాన్నొకటి లాగుతూనే ఉంటాయి. మొదటి మోటార్ గుండ్రటిదే కట్టండి.

గుండ్రటి మోటార్‌లోకి మాగ్నెట్ రోటర్ దూర్చేటప్పుడు కూడా పలచని ప్లాస్టిక్ షీటును రోటర్ చుట్టూ చుట్టి దూర్చండి. బేరింగ్ కూర్చున్నాక షీటు లాగేయండి. అది లేకపోతే రోటర్ పక్కకు అతుక్కుని మాగ్నెట్ అంచులు పగులుతాయి. పేస్‌మేకర్ ఉన్నవారిని ఈ పని దగ్గరికి రానివ్వకండి.

## హౌసింగ్, బేరింగులు

అల్యూమినియం హౌసింగ్ తేలిక, వేడిని బాగా వదులుతుంది. 100 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 100 డిగ్రీలు వేడిచేస్తే 0.23 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది, చల్లని స్టేటర్ జారి కూర్చుంటుంది. కానీ నడిచేటప్పుడు కూడా అది ఇనుము కంటే ఎక్కువ విచ్చుకుంటుంది. రెండూ 60 డిగ్రీలు వేడెక్కితే తేడా 0.07 మిల్లీమీటర్ల దగ్గర. బిగింపు అంతకంటే ఎక్కువ పెట్టకపోతే స్టేటర్ వదులై తిరిగిపోతుంది. ఖచ్చితంగా తిప్పలేని లేత్ అయితే ఇనుప హౌసింగ్ తీసుకోండి, లేదా స్టేటర్‌ను పిన్నుతో ఆపండి.

బేరింగ్‌కు 6204 వంటి మామూలు బాల్ బేరింగ్, వేడెక్కే మోటార్‌కు సీ3 సందుతో (లోపల మామూలుకంటే కాస్త ఎక్కువ ఖాళీ ఉన్న రకం). దుమ్ము, తడి ఉంటే రబ్బరు సీలు, వేగం ముఖ్యమైతే లోహపు షీల్డు. ఒక బేరింగ్‌ను బిగించి, రెండోది షాఫ్ట్ పొడవు పెరిగితే జరిగేలా అల వాషర్‌తో వదలండి. షాఫ్ట్ మీదికి నొక్కేటప్పుడు లోపలి రింగునే నొక్కాలి. బయటి రింగును కొడితే ఆ దెబ్బ గుండ్లకు తగులుతుంది.

## మీరు ఏ కోవలో ఉన్నారు?

ఒక్క మోటార్ కట్టి నేర్చుకోవాలనుకునే విద్యార్థికి: బయటి రోటర్, 12 స్లాట్లు, 14 పోల్స్, 0.35 రేకు, 42 ఎస్‌హెచ్ మాగ్నెట్, చేత్తో చుట్టిన కాయిల్స్. ఎక్కువసేపు పూర్తి భారం మీద నడపకుండా ఉంటే చాలు.

యాభై, వంద చేసే చిన్న వర్క్‌షాప్‌కు లోపలి రోటర్ నయం. ఒక్కో పంటిని విడిగా చుట్టి తర్వాత రింగుగా కలిపే స్టేటర్ గురించి ఆలోచించండి. స్లాట్‌లో రాగి ఎక్కువ పడుతుంది, చుట్టే సమయం తగ్గుతుంది. కానీ ముక్కల గుండ్రదనం మొత్తం హౌసింగ్ మీద ఆధారపడుతుంది. రోటర్ బ్యాలెన్సింగ్‌కు ఐఎస్‌ఓ ప్రమాణంలోని జీ 2.5 స్థాయి పెట్టుకుంటే, 3000 చుట్ల దగ్గర బరువు కేంద్రం 8 మైక్రాన్లకు మించి పక్కకు ఉండకూడదు. అది చేతి అంచనాతో అయ్యేది కాదు, యంత్రం కావాలి.

పాత మోటార్లు బాగుచేసేవాళ్లు ఉన్న పంజరపు రోటర్‌నూ, ఉన్న స్టాంపింగులనూ గౌరవించండి. డబ్బు పెట్టాల్సింది హెచ్ తరగతి స్లాట్ పేపర్ మీద, మంచి ఎనామెల్ తీగ మీద. మోటార్‌ను వేగం మార్చే వేరియబుల్ డ్రైవ్‌తో నడిపితే షాఫ్ట్‌లోంచి బేరింగులకు కరెంటు పారి గీతలు పడతాయి. అలాంటప్పుడు ఒక వైపు ఇన్సులేటెడ్ బేరింగ్ వేయండి.

తీగ మందం, వార్నిష్ రకం దగ్గర ఇంకా తేలకపోతే, మొత్తం స్టేటర్ చుట్టేలోపు ఒక్క పంటిని చుట్టి చూడండి. దానికి వార్నిష్ వేసి, హౌసింగ్ ముక్కకు బిగించి, మోటార్‌లో పారాల్సినంత డీసీ కరెంటు పంపండి. అరగంట తర్వాత నిరోధం కొలవండి. మొదట ఉన్నదానికంటే 20% పెరిగిందంటే రాగి సుమారు 51 డిగ్రీలు వేడెక్కిందని అర్థం. చుట్టూ ఉన్న పళ్లు కూడా వేడెక్కినప్పుడు అది ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఆ ఒక్క పన్నే 80 డిగ్రీలు ఎక్కితే, మిగతా పదకొండూ చుట్టకముందే తీగ మార్చండి.